సున్నా కిలోమీటర్ల బస్సు

మధ్యాహ్నం చైర్మన్ గారికి కొత్త ప్రోగ్రాం చూపించి, ఉద్యోగం పర్మనెంట్ చేయించుకోవాలని క్యాథరిన్ పొద్దున్నే అనుకుంది. ముత్తుకూరు నుంచి కృష్ణపట్నం పోర్టుకు పనివాళ్లను చేరవేసే బస్సుల కంపెనీలో ఆమె ప్రోగ్రామరు. రోజూ ఏ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడి చూపించడం ఆ ప్రోగ్రాం పని. బస్సు అసలు కదలకపోతే డ్రైవరుకు ఒంట్లో బాగాలేదేమోనని ఇంటికి మెసేజ్ పంపడం మాత్రం మేనేజరు సుధాకర్ గారి సొంత ఆలోచన.

ఉదయం షిఫ్టు ముగిసి బస్సులన్నీ షెడ్డుకు చేరాయి. డ్రైవరు మాలకొండయ్య భార్య రోజారమణి ఫోను మోగింది: "మీవారి బస్సు ఈరోజు సున్నా కిలోమీటర్లు తిరిగింది. క్షేమమేనా?"

తెల్లారకముందే క్యారియర్ కట్టించుకుని వెళ్లిన మనిషి! ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"యాడుండావు?"

"పోర్టు ట్రిప్పులేసి ఇప్పుడే షెడ్డుకొచ్చినా."

"బస్సు కదల్లేదంట! మరి నువ్వు యాడికి పోయినావు? ఎవురింటికి పోయినావో చెప్పు!"

సమాధానం వినకుండానే చెప్పులేసుకుని బయల్దేరింది. సందు చివర మరో ముగ్గురు డ్రైవర్ల భార్యలు ఎదురయ్యారు. అందరి ఫోన్లలోనూ అదే సున్నా. అంతా కలిసి ఒకే ఆటో ఎక్కారు.

ఈలోగా ఆ సున్నాలు చూసిన సుధాకర్ గారు డ్రైవర్లందరినీ సస్పెండ్ చేశారు. "అయితే సాయంత్రం షిఫ్టు మీరే తోలుకోండి" అంటూ డ్రైవర్లు తాళాలు ఆయన బల్ల మీద కుప్ప పోశారు. సరిగ్గా అప్పుడే చైర్మన్ గారి కారు వచ్చింది. దాని వెనకే ఆటో.

"ఒక్క బస్సూ కదల్లేదండీ! పొద్దున నేనే కంపెనీ జీపులో పోర్టు దాకా పోయి చూసొచ్చాను" అన్నారు సుధాకర్ గారు.

"అబద్ధం! పది కిలోమీటర్లు పోయినా, పది కిలోమీటర్లు వచ్చినా! మళ్లీ పోయినా, మళ్లీ వచ్చినా!" అంటూ మాలకొండయ్య తన భార్య ముందు చేతులు జోడించాడు.

ఆ మాట చెవినపడగానే క్యాథరిన్ కంప్యూటరు వైపు పరుగెత్తింది. పది, మైనస్ పది, పది, మైనస్ పది... తిరుగు ప్రయాణమని గుర్తుండేందుకు ఆ మైనస్ పెట్టింది ఆమే. కూడితే, పోయిందంతా వచ్చినదాంతో కొట్టుకుపోయింది.

"సార్, బస్సులు కదిలాయి. నా లెక్కే కదల్లేదు. కూడే ముందు మైనస్ తీసేయాలి. బడిలో చెప్పే పరమ మూల్యమే!" అంటూ ప్రోగ్రాంలో ఒక్క చిన్న మాట చేర్చి మీట నొక్కింది.

సున్నాలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. అందరికంటే పైన మాలకొండయ్య పేరు! షెడ్డంతా ఈలలు. "మా ఆయన అట్టాంటోడు కాదని నేను ముందే చెప్పలా?" అంది రోజారమణి, చుట్టూ చూస్తూ. సస్పెన్షన్లు రద్దయ్యాయి. తప్పును నలుగురి ముందే ఒప్పుకుని, నలుగురి ముందే దిద్దినందుకు క్యాథరిన్ ఉద్యోగం అక్కడికక్కడే పర్మనెంట్ అయింది.

చైర్మన్ గారు తెర అడుగుకు వేలు పెట్టారు. "ఈ ఒక్క బండి ఇంకా సున్నా దగ్గరే ఉందేంటమ్మా? ఇంకో తప్పా?"

క్యాథరిన్ వంగి చూసింది. "లేదు సార్, అది సరిగ్గానే ఉంది. సుధాకర్ గారి జీపు."

మర్నాటి నుంచి సుధాకర్ గారు మాలకొండయ్య బస్సులోనే పోర్టుకు వెళ్లి వస్తున్నారు, సీటు దొరక్కపోతే నిలబడి.