నాలుగు సెకండ్ల తరుగు

దగ్గు లేని పాట కోసం ఈ దేశం ఎన్నేళ్లుగా ఎదురుచూసిందో మీకు తెలుసా? తెలియదు. ఎదురుచూస్తున్నంత సేపూ మనం దగ్గుతూనే ఉన్నాం కాబట్టి, ఆ సంగతి ఎవరికీ వినబడలేదు.

ఇక ఆ బాధ లేదు. పాత పాటల రికార్డులను కడిగి, తుడిచి, గరగరలు ఏరిపారేసి, బరువైన ప్లేట్ల మీద కొత్తగా అచ్చుపోసే కంపెనీలు వచ్చేశాయి. పాడుతున్నది మనిషేనన్న అనుమానం కూడా రాకుండా పాట వినవచ్చు. ఇంతకంటే వరం ఏముంటుంది?

ఇంత గొప్ప విద్యను పాటల దగ్గరే ఆపేయడం అన్యాయం. ఆర్మూర్ బస్టాండునే తీసుకోండి. కండక్టర్ కేకలు, పల్లీలు అమ్మేవాళ్ల అరుపులు, కిటికీలోంచి సీటు మీదికి విసిరిన తువ్వాలు గురించి జరిగే తగాదా, అన్నీ కడిగేస్తే ఎంత హాయి! నిజామాబాద్ బస్సు ఎప్పుడు వెళ్లిపోయిందో కూడా తెలియనంత హాయి.

దుబాయి నుంచి ఇళ్లకు వచ్చే క్యాసెట్లు విన్నారా? ఉత్తరం రాయడం రానివాళ్లు అరగంట మాట్లాడి పంపుతారు. అందులో ఏసీ మోత ఉంటుంది, పక్క మంచం మీది గురక ఉంటుంది, మాట మధ్యలో ఆగిపోయి ముక్కు ఎగబీల్చే చప్పుడు ఉంటుంది. నాణ్యత సున్నా. శుభ్రం చేస్తే పదకొండు సెకండ్లు మిగులుతాయి. "నేను మంచిగున్న. ఫికర్ చెయ్యకు." చెప్పదలచుకున్నది అదే కదా, మిగతా ఇరవై తొమ్మిది నిమిషాలు ఎందుకు?

ఈ శుభ్రత ఎంత గొప్పదో చెప్పడానికి మనకు సాక్షి కూడా ఉన్నాడు. పేరు హన్మండ్లు.

ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో సరుకు ఏ రకమో తేల్చడం ముప్పై ఏళ్లుగా హన్మండ్లు పని. కుప్పలోంచి ఒక కొమ్ము తీసి, చెవి దగ్గర పెట్టి విరుస్తాడు. ఇనుములా టక్కుమంటే ఎండిన సరుకు. మెత్తగా చప్పుడైతే లోపల తేమ. ఆయన చెవి మీద నమ్మకంతో లారీలు కదులుతాయి. రకం తేల్చడంలో చుట్టం లేడు, పక్కం లేడు. పాలిష్ డ్రమ్ములో రాలిన తరుగును, అంటే పొట్టును, దుమ్మును, మళ్లీ కొమ్ముల్లో కలిపి తెచ్చినందుకు సొంత బావమరిది బస్తాలనే వెనక్కి పంపించాడు.

తొంభై నాలుగు ఎండాకాలంలో బొంబాయి కంపెనీ ఒకటి గంగాకిషన్‌కు ఉత్తరం రాసింది. గంగాకిషన్ ఏడేళ్లు దుబాయిలో ఉండి, బీరువాలంత స్పీకర్లతో తిరిగొచ్చి, ఆ కంపెనీ ప్లేట్లు తెప్పించుకునేవాడు. ఉత్తరంలోని విషయం ఇది. పదిహేనేళ్ల కింద నందిపేట్ దారిలోని ఒక పసుపు కళ్లంలో ఆడవాళ్లు పాడిన పాటలను రికార్డు చేశారు. ఇప్పుడు ఆ రికార్డును శుభ్రం చేసి మళ్లీ వేస్తున్నారు. నమూనా ప్లేటు పంపారు. ధ్వని నాణ్యత తెలిసిన స్థానిక నిపుణుడు విని, రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పాలి. అభ్యంతరం ఉంటే అచ్చుకు ముందే సరిచేస్తారు.

ధ్వని తెలిసిన నిపుణుడు! ఊళ్లో ఎవరూ క్షణం ఆలోచించలేదు. చెవితో రకం తేల్చే మనిషి ఆర్మూర్‌లో ఒక్కడే కదా.

హన్మండ్లు మామూలుగా ఇలాంటి పిలుపులకు కదిలే మనిషి కాదు. ఈసారి అడిగిన వెంటనే ఒప్పుకున్నాడు. దానికి కారణం ఆ ప్లేటులోని మూడో పాట.

ఆ రోజు కళ్లంలో పాడినవాళ్లలో ఆయన భార్య ముత్తవ్వ కూడా ఉంది. పక్కనే పాలిష్ డ్రమ్ము తిరుగుతోంది. మూడో పాట రెండో చరణానికి ముందు పసుపు దుమ్ము గొంతులో పడి ముత్తవ్వ దగ్గింది. "ఆగుండ్రే, మల్ల ఎత్తుకుందం" అని నవ్వింది. రికార్డు చేసేవాళ్ల దగ్గర టేపు అయిపోవచ్చింది, మళ్లీ తీయలేదు. దగ్గు, మాట, నవ్వు, మొత్తం నాలుగు సెకండ్లు ప్లేటులో అలాగే ఉండిపోయాయి.

ముత్తవ్వ పోయి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో హన్మండ్లు ఇంట్లో ఉన్న పాత ప్లేటును ఆ ఒక్క చోట ఎన్నిసార్లు వేసుకున్నాడో లెక్క లేదు. గీత అరిగిపోయింది. ఇప్పుడు ముల్లు ఆ చోటికి రాగానే జారి అవతల పడుతోంది. ఆమె మాట, నవ్వు ఇంకెక్కడా లేవు. కొత్త ప్లేటులో ఉండాలి.

మార్కెట్ సెలవు రోజు మధ్యాహ్నం గంగాకిషన్ ఇంట్లో పరీక్ష పెట్టారు. చప్పుడు వస్తుందని ఫ్యాను ఆపారు. గాలి వస్తుందని కిటికీలు మూశారు. వీధి చివర పిండి గిర్నీని గంటసేపు బంద్ పెట్టించారు. పక్కింటి మేకను వాళ్ల చుట్టాలింటికి పంపించారు. ఇంత చేశాక కూడా నాణ్యత బాగోలేదంటే తప్పు వినేవాడిదే.

పాడినవాళ్లలో మిగిలిన రత్నవ్వను కూడా పిలిచారు. ముత్తవ్వను అక్కా అని పిలిచిన మనిషి. కుర్చీ ఇస్తే వద్దని గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని కూర్చుంది.

హన్మండ్లు ముందు ప్లేటును అరచేతిలో పెట్టుకుని తూచాడు. "నూట డెబ్బై ఉంటది."

"లేదు కాకా, నూట ఎనభై గ్రాములని రాసిండ్రు, సూడు. గా బరువుతోనే సౌండు మంచిగొస్తది."

"అట్టతోని తూకినట్టున్నరు."

మొదటి పాట మొదలైంది. ఏమని చెప్పాలి! చెరువులో అడుగు రాయి కనబడినట్టు ప్రతి గొంతూ విడివిడిగా వినబడింది. డ్రమ్ము మోత లేదు. గాలి లేదు. గాజుల చప్పుడు కూడా లేదు, ఆ ఆడవాళ్లు చేతులు ఇంట్లో పెట్టి వచ్చి పాడినట్టుంది.

"గిది మా పాటేనా బావా?" అంది రత్నవ్వ. "మా నోళ్లు సబ్బుతోని కడిగిండ్రా ఏంది. గింత మంచిగ మేమెప్పుడు పాడినం?"

"డిజిటల్ అత్తా," అన్నాడు గంగాకిషన్ తానే పాడినంత గర్వంగా. "ఒక్క గరగర దొరుకుతదేమో సూడు."

రెండో పాట అయిపోయింది. మూడో పాట మొదలవగానే హన్మండ్లు కుర్చీలో ముందుకు జరిగి, కొమ్ము విరిచేటప్పుడు చేసినట్టు తల ఒక పక్కకు వంచాడు.

మొదటి చరణం ముగిసింది. రెండో చరణం మొదలైంది. రెంటి మధ్య ఏమీ లేదు.

"జర మల్ల పెట్టు."

గంగాకిషన్ మళ్లీ పెట్టాడు. మూడోసారి అడిగితే సంబరపడి మళ్లీ పెట్టాడు. "ఎట్లుంది కాకా? అతుకు దొరకదు."

"గీడ నాలుగు సెకండ్లుండాలె."

"గా దగ్గా? తీసేసిండ్రు కాకా. కాయితంల రాసిండ్రు గద, అంతరాయాలు తొలగించినమని. ఎవల్దో ముసల్దాని దగ్గు, గది పాటల ఎందుకు?"

"ముసల్ది గాదు," అంది రత్నవ్వ. "గప్పుడు ముప్పై ఆరేండ్లు. మా అక్కది."

గంగాకిషన్ ముల్లు ఎత్తేశాడు. గిర్నీ లేదు, మేక లేదు, ఫ్యాను లేదు. అంత మంచి నిశ్శబ్దం ఆ వీధిలో అంతకుముందు ఎన్నడూ లేదు.

"నాకెర్క లేదు కాకా," అన్నాడు చివరికి. "బాగలేదని రాయి. నువ్వు బాగలేదంటే వాండ్లు ఆపుతరు. నేను దస్కతు పెడుత."

ఎంత సులువు! ఒక్క మాట రాస్తే చాలు. హన్మండ్లు కంపెనీ కాగితం తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు. కలం మూత తీశాడు. అడిగింది ధ్వని గురించి. ధ్వనిలో ఆయనకు లోపం దొరకలేదు. మంచి సరుకును చెడ్డదని రాయడం ఆయనకు చేతకాదు, అలాగని తనకు కావలసింది అడగకుండా లేవడమూ ఆయన వల్ల కాలేదు.

"ఏం రాస్తున్నవ్ బావా, జర పైకి సదువు," అంది రత్నవ్వ.

ఆయన చదివాడు. "సరుకు మొదటి రకం. తరుగులో మా ఇంటి మనిషి పోయింది. ఆ తరుగును మళ్లీ కలపవలసిందిగా కోరుతున్నాను."

"కలపమని నువ్వు రాస్తున్నవా?" అంది రత్నవ్వ మెల్లగా.

"రాస్తున్న," అన్నాడు హన్మండ్లు.

మడిచి, కవరులో పెట్టి, పోస్టాఫీసు దాకా తానే నడిచి వెళ్లి డబ్బాలో వేశాడు.

కంపెనీవాళ్లను తప్పుపట్టకండి. నిపుణుడి అభిప్రాయానికి వాళ్లు ఇచ్చిన గౌరవం మామూలుది కాదు. నాలుగు నెలల తర్వాత కొత్త ప్లేట్లు వచ్చాయి. మూడో పాటలో మొదటి చరణం వెంటనే రెండో చరణం, అద్దంలా ఉంది. అట్ట వెనకవైపు బంగారు అక్షరాలతో హన్మండ్లు మాటను అచ్చు వేశారు.

"సరుకు మొదటి రకం." – హన్మండ్లు, ధ్వని నిపుణుడు, ఆర్మూర్.

ఎంత శుభ్రమైన వాక్యమో చూడండి. దాని తర్వాత ఇంకో రెండు వాక్యాలు ఉండేవని చెబితే మీరు నమ్మగలరా? వేలితో తడిమి చూడండి, హన్మండ్లు తడిమి చూసినట్టే. ఎక్కడ కోశారో తెలియదు.