మా తరఫున చూసే పెట్టె

నాకు చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. టీవీలో హారతి ఇస్తుంటే కళ్లకద్దుకున్నవాడికి పుణ్యం వస్తుందా?

కేబుల్ రోజుల్లో ఇది చిన్న సందేహమే. అక్కడ హారతి వెలుగుతోంది, ఇక్కడ నేను స్నానం చేసి నిలబడ్డాను. మధ్యలో ఉన్నది ఒక తీగ. దేవుడు సర్దుకుంటాడు. డిష్ పెట్టించుకున్నాక సందేహం పెద్దదైంది. తెల్లవారుజామున నేను గురక పెడుతుంటే డిష్ తాలూకు పెట్టె మేలుకొని హారతిని రికార్డు చేస్తోంది. టిఫిన్ తిన్నాక నేను చూస్తున్నాను. మరి ఆ పుణ్యం నాదా, పెట్టెదా?

బాగా ఆలోచించి చెబుతున్నాను పాఠకులారా, రికార్డు చేసే పెట్టెను మించిన వరం లేదు! మనం చేయలేని జపాన్ని అయ్యగారితో చేయించుకుంటాం కదా? అలాగే మనం చూడలేని టీవీని మన తరఫున పెట్టె చూస్తుంది. తప్పేముంది?

మా ఇల్లు నిజామాబాదులో కంఠేశ్వర్ గుడి పక్కనే. అసలు గుడిగంట కిటికీలోంచి వినబడి రికార్డు హారతికి అడ్డం వస్తుంటుంది. అప్పుడు టీవీ సౌండు పెంచుకుంటాను. చూశారా, ఎంత సౌకర్యం!

మునుపు రాజనర్సు కేబుల్ ఉండేది. పక్కింటి బిల్కిస్ వాళ్ల మిద్దె మీదుగా తీగ మా ఇంటికి వచ్చేది. కాస్త గాలి వీస్తే బొమ్మ పోయేది. వాడకట్టంతా బయటికొచ్చి, మీకొస్తుందా అంటే మీకొస్తుందా అని ఒకరినొకరు అడిగేవాళ్లం. అందరం కలిసి రాజనర్సును తిట్టేవాళ్లం. అతను నిచ్చెన మోసుకొచ్చేదాకా సంబంధాల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడుకునేవాళ్లం. ఎంత కాలం వృథా! ఇప్పుడు బొమ్మ పోతే మా ఒక్కరికే పోతుంది. తిడదామని ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. నాగరికత అంటే ఇదీ!

ఇంకో లాభం చెబుతాను. కేబుల్ రోజుల్లో సాయంత్రం సీరియల్ వేళకు బిల్కిస్ బీడీల చాట పట్టుకుని మా ఇంటికి వచ్చేది. వాళ్లింట్లోనూ టీవీ ఉంది, కానీ అది ఆమె మగడు జలీల్‌దీ, క్రికెట్‌దీను. నా భార్య గోదావరి కూడా తన చాట ముందేసుకునేది. ఇద్దరి చేతులూ బీడీలు చుట్టేవి, కళ్లు తెర మీద ఉండేవి, నోళ్లు సీరియల్లో అత్తను తిట్టేవి. నాకు వార్తలు చూసే భాగ్యం ఉండేది కాదు.

ఒకసారి పుష్కరాలకు మా గోదావరి ఆ గోదావరిలో మునగడానికి పోచంపాడ్ వెళ్లింది. సీరియల్ ఒక భాగం తప్పిపోయింది. మర్నాడు బిల్కిస్ ఆ భాగమంతా చెప్పింది. ఏడ్చే చోట ఏడ్చింది, చెంపదెబ్బల చోట చాట మీద కొట్టింది. సీరియల్ అరగంటే గాని, ఆమె చెప్పేసరికి నా అన్నం చల్లారింది. "నీకెప్పుడన్న తప్పితే నేను చెప్త. నీకు బాకీ ఉన్న," అంది గోదావరి. కానీ బిల్కిస్‌కు తప్పితే కదా! జ్వరమొచ్చినా దుప్పటి కప్పుకొని వచ్చేది. బాకీ అలాగే ఉండిపోయింది.

డిష్ వచ్చిన రోజు నేనే గొప్పగా ప్రకటించాను: ఇక ఏడున్నరకే పరుగెత్తుకు రానక్కర్లేదు, ఎప్పుడొస్తే అప్పుడు చూడొచ్చు. బిల్కిస్ నమ్మింది. ఎప్పుడైనా రావచ్చు కాబట్టి రావడమే తగ్గించింది. పెట్టె మాత్రం దాదాపు నిండిపోయింది. సగం సీరియల్, సగం నేను రికార్డు చేసుకున్న వైరాగ్యం మీది ప్రవచనాలు. వాటిలో ఒక్కదాన్ని తీసేయడానికి కూడా నాకు మనసొప్పలేదు.

గోదావరి సాయంత్రాలు టీవీ కట్టేసి బీడీలు చుట్టేది. చూడరాదా అంటే, "ఒక్కదాన్నే ఏం చూడాలె," అనేది. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదంటే, దారం తెంపిన చప్పుడు కూడా నాకు వినబడేది.

ఇంతలో సీరియల్లో అత్త స్పృహ తప్పి మంచాన పడింది. నెలలు గడిచాక, రేపు కళ్లు తెరుస్తుందని ఊరించారు. ఆ రేపే బిల్కిస్ బోధన్‌లో చెల్లెలి బిడ్డ షాదీకి వెళ్లాలి. "రికార్డు చేసి పెట్టక్కా. వచ్చినంక ఇద్దరం కలిసి చూద్దాం," అని చెప్పి పోయింది. గోదావరి ముఖం చాలా రోజులకు వెలిగింది. బిల్కిస్ లేకుండా చూడటం దొంగతనం లెక్క అని, ఆ సాయంత్రం టీవీ ముట్టుకోనివ్వలేదు. పెట్టె చూస్తోందిగా, ఇంక మనమెందుకు?

వాన కురిసింది. మిద్దె మీద డిష్ చూడటానికి గొడుగులాగే ఉంటుంది. వాన పడితే పనిచేయని గొడుగు లోకంలో అదొక్కటే! మర్నాడు పొద్దున నొక్కి చూస్తే, సిగ్నల్ అందడం లేదన్న నీలం తెర అరగంటసేపు ఉంది. పెట్టె ఒక్క క్షణం కూడా వదలకుండా, శ్రద్ధగా రికార్డు చేసింది.

గోదావరి ఆ నీలం తెర వంక చాలాసేపు చూసింది. ఎన్నాళ్లకో వస్తానన్న మనిషి, ఇది చూసి తిరిగి వెళ్లిపోతే మళ్లీ ఎప్పుడొస్తుంది? అంతలోనే మెహందీ చేతులతో, చాటతో, షాదీ మిఠాయితో బిల్కిస్ వచ్చేసింది. గోదావరి రిమోట్‌ను కొంగు కింద దాచింది.

"పెట్టెల చూసుడెందుకు? నేనే చెప్త. పుష్కరాల బాకీ ఉన్న కద," అంది.

చెప్పింది. నా భార్యలో అంత కథ ఉందని నాకు తెలియదు. అత్త కళ్లు తెరిచిందట. తాళంచెవులు ఎక్కడున్నాయని కొడుకులు మంచం మీదికి వంగారట. ఆమె వాళ్లను చూడలేదట. గుమ్మం వైపు చూసిందట.

"చూసి ఏమన్నది?" బిల్కిస్ చెయ్యి ఆకు మీద ఆగింది.

"'పొద్దుగూకినంక మనింటికి ఎవ్వరు వస్తలేరేంది?' అన్నది."

బిల్కిస్ ఆకును చాటలో పెట్టేసింది. "ఎందుకు వస్తలేరట?" అని మెల్లగా అడిగింది.

"ఎప్పుడన్న పోవచ్చులే అనుకుంటున్నరట."

అందుకే మళ్లీ చెబుతున్నాను, ఆ పెట్టె నిజంగా వరం. అది వానలో పనిచేసి ఉంటే మా ఇల్లు ఏమైపోయేదో!

ఆ సాయంత్రమే ఏడున్నరకు బిల్కిస్ చాటతో సహా మళ్లీ వచ్చి కూర్చుంది. సీరియల్ మొదలైంది. అత్త కళ్లు మూసుకునే ఉంది! ఇంకో రెండు రోజులు చూద్దామంటున్నాడు డాక్టరు. నేను గబగబా రిమోట్ కోసం వెతికాను. గోదావరి తల వంచుకొని చాటలో లేనిదేదో వెతకసాగింది.

బిల్కిస్ తెర వంక చూసింది. గోదావరి వంక చూసింది. తీరిగ్గా బీడీకి దారం చుట్టింది.

"ముసలామెకు మల్ల నిద్రవట్టినట్టుంది," అంది. "పుష్కరాల బాకీ మాత్రం నాకు ముట్టిందక్కా."