తన్నినా తొలగని దుప్పటి

ప్రపంచంలో దుప్పటిని తన్నేయని శిశువు ఇంతవరకు పుట్టలేదు. ఒకవేళ పుట్టినా మా జిల్లా రికార్డుల్లో నమోదు కాలేదు కాబట్టి పుట్టనట్టే లెక్క.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నా పేరు లింబయ్య. ఇరవై రెండేళ్ళుగా నిజామాబాద్‌లో ఆఫీసుల ఎదుట చిన్న బల్ల వేసుకొని దరఖాస్తులు రాస్తున్నాను. పింఛను, రేషను కార్డు, తప్పిపోయిన గేదె, బతికుండగానే రికార్డుల్లో చనిపోయిన మనిషి, అన్నీ నా చేతి మీదుగానే లోపలికి వెళ్ళాయి. (తిరిగి బయటికి వచ్చినవి తక్కువ. అది నా దస్తూరీ తప్పు కాదు.) ఇప్పుడు అంతా యాప్‌లోకి వచ్చింది కాబట్టి బల్ల మీద కాగితాల పక్కన ఒక ఫోను కూడా పెట్టుకున్నాను.

పోయిన ఫిబ్రవరిలో మా గల్లీ నవత నా బల్ల దగ్గరికి వచ్చింది. చంకలో నాలుగు నెలల దీక్షిత, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. నవత బీడీలు చుడుతుంది. వాళ్ళకున్నది ఒకటే గది. ఆ గదిలోనే తొట్టెల, ఆ గదిలోనే తంబాకు చాట. దీక్షిత తక్కువ బరువుతో పుట్టి, నెల రోజులు ప్రసూతి ఆసుపత్రి వార్డులో ఉండి, దగ్గుతో సహా ఇంటికొచ్చింది. పిల్లకు చలి పడదనీ, తంబాకు దుమ్ము అసలే పడదనీ డాక్టరమ్మ చెప్పి పంపింది. తంబాకు మానేస్తే ఇల్లు గడవదు. కనీసం చలి సంగతైనా చూద్దామని నవత కుట్టుమిషను ముందు కూర్చుంది.

కవర్లోంచి తీసి బల్ల మీద పరిచింది. పైన చేతుల్లేని చొక్కా, కిందికి వెళ్తే అడుగు మూసిన సంచి, భుజాల మీద నాడాలు. దుప్పటిని పిల్ల మీద కప్పడం మానేసి, పిల్లకే తొడిగేసిందన్నమాట.

"నాలుగుసార్లు కుట్టిన అన్న" అంది. "మొదటిది లూజైంది. తొట్టెల్ల సూస్తే సంచి ఉన్నది గని పిల్ల కనవడ్తలేదు. మెడకెల్లి జారి లోపలికి పోయింది. నా పానం పోయినంత పనైంది. రెండోది బిగువు జేసిన, కాళ్ళు ఆడక ఒకటే ఏడ్పు. మూడోదానికి గుండీలు కుట్టిన, ఒకటి పీకి నోట్ల వెట్టుకున్నది. గిది నాలుగోది. మెడకాడ రెండు వేళ్ళ సందు, సంకలకాడ బిగువు, కింద మస్తు వెడల్పు. తన్నుకుంటె తన్నుకోనీ, యాడికి పోతది?"

దీక్షితకు తొడిగి చూపించింది. ఆ పిల్ల లోపల సైకిల్ తొక్కినట్టు తొక్కింది. బట్ట ఒక్క అంగుళం కదల్లేదు. నేను నా జీవితంలో చాలా పథకాలు చూశాను కానీ, అనుకున్న పని చేసే వస్తువును చూడటం అదే మొదలు.

"మరి దరఖాస్తు దేనికి తల్లీ?"

"నా పిల్లకైతే అయింది. గా వార్డుల ఇంక ఇరవై తొట్టెలలున్నయి అన్న. కిటికీ అద్దం పలిగితే అట్టముక్క వెట్టిండ్రు. పిల్లలు దుప్పట్లు తన్నేస్తుండ్రు, సల్లగ మంచు లెక్క అయితుండ్రు. మళ్ళ చలి వచ్చేలోపల గివి గాడ ఉండాలె. ఆర్డరు నాకిస్తే నేను ఇంట్ల బీడీలు బంద్ జేస్త."

ఇంత స్పష్టమైన కోరికతో నా దగ్గరికి ఎవరూ రారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ముందు వార్డుకే వెళ్ళాం. అక్కడి నర్సు ఝాన్సీ కోటగిరి వైపు స్థిరపడిన ఆంధ్రా రైతుల బిడ్డ. సంచిని తిప్పి తిప్పి చూసి, "ఎంత బావుందండీ! నాకైతే ఇప్పుడే తొడిగేయాలనుంది. కానీ పైనుంచి కాగితం లేకుండా వార్డులోకి దూది కూడా రానివ్వరు బాబాయ్ గారూ. ఆ కిటికీ అద్దం చూశారా? మూడేళ్ళ నుంచి రాస్తున్నాను" అంది.

కాబట్టి కాగితం కోసం బయలుదేరాం.

యాప్‌లో 'వస్తువు రకం' అనే చోట నూట నలభై రకాలున్నాయి. చేపల వలలున్నాయి, విస్తరాకులున్నాయి, గాడిద జీనులు కూడా ఉన్నాయి. పిల్లలు తన్నేయని దుప్పటి లేదు. చివరికి 'ఇతరములు' నొక్కాను. 'ధన్యవాదములు. మీ దరఖాస్తు శిశు ఆచ్ఛాదన ఉపసంఘానికి పంపబడినది' అని వచ్చింది. విచారిస్తే అలాంటి ఉపసంఘం అప్పటిదాకా లేదట. మా దరఖాస్తు రావడంతో వేశారట. (నలుగురు పిల్లల తండ్రిని. ఒక కమిటీకి తండ్రి కావడం మాత్రం అదే ప్రథమం.)

ఉపసంఘం సూపరింటెండెంటు రాజశేఖర్ గారు ఓపికస్తులు. ముందుగా ఈ వస్తువు ఏమిటో తేలాలన్నారు. బట్టల విభాగం పరిశీలించి, తొడుక్కొని నడవగలిగితేనే బట్ట అవుతుంది, ఇది తొడుక్కుంటే పడిపోతారు కాబట్టి కాదు అని రాసింది. పరుపుల విభాగం కొలిచి, తమ పరిధిలోని ప్రతి వస్తువుకూ నాలుగు మూలలుండాలి, దీనికి రెండే ఉన్నాయి అని రాసింది. సంచుల విభాగం మరీ జాగ్రత్తపడింది. నింపిన తర్వాత మూతి కట్టడానికి వీలుండాలనీ, దీని మూతి కడితే లోపలి సరుకు ఏడుస్తుందనీ రాసింది.

తర్వాత బట్ట బిల్లు అడిగారు. ఆ బట్ట నవత అత్త శ్యామలమ్మ పాత చీర. ఆమెనే స్వయంగా తీసుకెళ్ళాను.

"అవ్వా, గీ బట్ట ఏడ కొన్నరు? బిల్లు కావాలె" అన్నారు రాజశేఖర్ గారు.

"నా కొడుకు కడుపుల ఉన్నప్పుడు జాతరల కొన్న సారూ. ముప్పై ఏండ్లాయె. బిల్లెందుకు, చీర పట్టుకోని సూడు, ఎన్నపూస లెక్క లేదా?"

"పాత బట్ట నడువదవ్వా. కొత్త బట్టతోనే కుట్టాలని రూల్ ఉన్నది."

"పచ్చి పిల్లకు కొత్త బట్ట ఎవలేస్తరు? ఒళ్ళంత ఒరుసుకపోతది. మీ అవ్వ నిన్ను దేంట్ల సుట్టింది సారూ?"

రాజశేఖర్ గారు పైన తిరుగుతున్న ఫ్యాను వంక కొంతసేపు చూశారు. ఏదో గుర్తుకొచ్చినట్టే ఉంది. ఆయన ముఖం కాస్త మెత్తబడింది కూడా. తర్వాత తేరుకొని, "అదంత ఈ రూల్స్ రాకముందవ్వా" అన్నారు.

నవత అదే కొలతలతో కొత్త బట్టతో ఇంకొకటి కుట్టి తెచ్చింది. అప్పుడు వినియోగదారు అభిప్రాయ పత్రం ఇచ్చారు. వినియోగదారు అంటే దీక్షిత. 'వస్తువు పట్ల మీరు: (అ) మిక్కిలి సంతృప్తి (ఆ) సంతృప్తి (ఇ) చెప్పలేను' అని ఉంది. తల్లి నింపితే చెల్లదు, వినియోగదారు వేలిముద్ర కావాలన్నారు. కాగితం దగ్గరికి తేగానే దీక్షిత లాక్కొని ఒక మూల నమిలేసింది. ఆ మూలలోనే మూడు జవాబులూ ఉన్నాయి. 'వినియోగదారు తన అభిప్రాయమును తానే దిగమింగినారు' అని రాజశేఖర్ గారు రాసుకున్నారు.

ఇక మూడు విభాగాల మధ్య తేల్చాల్సిన నాలుగో సభ్యుడు చక్రవర్తి గారు మిగిలారు. ఆయనను బోధన్‌కు, చెరకు అభివృద్ధి శాఖకు బదిలీ చేశారట. ఆ చుట్టుపక్కల చెరకు తీసేసి వరి వేసి చాలా ఏళ్ళయింది కాబట్టి ఆయన ఎప్పుడు వెళ్ళినా దొరుకుతారని చెప్పారు. పిల్లను ఎత్తుకొని బస్సెక్కి వెళ్ళాం. నిజంగానే దొరికారు.

ఆయన ఫైలు తెరవలేదు. సంచిలో పడుకున్న దీక్షితను చూసి, "ఇందులో పిల్ల హాయిగా నిద్రపోతుందా అమ్మా?" అని అడిగారు.

"పోతది సార్."

"మరి ఇంకేం కావాలండీ వీళ్ళకి?"

రెండు నెలల్లో దీక్షిత గురించి ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అదే. నవత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఫైలును ఆయన ముందుకు జరిపాను. ఆయన అక్కడికక్కడే 'నమూనాను తొంభై రోజులు వాడి చూచి నిర్ణయించవచ్చును' అని రాసి సంతకం చేశారు. మంచి మనిషి. ఆ మంచితనంతోనే మా కొంప ముంచారు.

ఎందుకంటే వాడి చూడటానికి ఆఫీసులో శిశువు లేదు. వార్డులో వాడదామంటే అనుమతి లేదు. అనుమతి రావాలంటే వాడి చూడాలి. రాజశేఖర్ గారు మూడు రోజులు ఆలోచించి, నమూనా ఎత్తు, వెడల్పులకు సరిపోయే ప్రభుత్వ ఆస్తి కోసం గదంతా వెతికారు. బల్ల మీద కంప్యూటర్ డబ్బా ఉంది. దానికి తొడిగారు. చేతుల కోసం వదిలిన కన్నాల్లోంచి వైర్లు చక్కగా బయటికి వచ్చాయి. నాడాలు కట్టారు. నేను కిటికీలోంచి చూశాను. నిజం చెప్పొద్దూ, ముద్దొచ్చింది.

పరీక్ష ఏప్రిల్, మే, జూన్ నెలల్లో జరిగింది. నిజామాబాద్ ఎండాకాలంలో చలికి తట్టుకుంటుందో లేదో చూడటానికి ప్రభుత్వం తప్ప ఎవరూ సాహసించరు. జూలైలో నివేదిక వచ్చింది. 'తొంభై దినములలో కవచము ఒక్కసారియూ తొలగలేదు. తన్నిన దాఖలాలు లేవు. కంప్యూటరునకు జలుబు చేయలేదు. దుమ్ము పట్టలేదు. ప్రయోగము విజయవంతము.'

ఆ తర్వాత ఫైలు ఎక్కడెక్కడ తిరిగిందో నాకు తెలియదు. వినాయక చవితి వెళ్ళింది, బతుకమ్మ వెళ్ళింది. నవత వారానికోసారి నా బల్ల ముందు నిలబడి, "ఏమన్న వచ్చిందా అన్న?" అని అడిగి వెళ్ళేది. దీక్షిత దగ్గు తగ్గుతూ, తంబాకు కొత్త మూట విప్పిన రోజున మళ్ళీ మొదలవుతూ ఉంది. నాకు ఒళ్ళు మండి గుర్తుచేస్తూ రెండు ఉత్తరాలు రాశాను. రెండూ అందినట్టు రసీదులు వచ్చాయి.

నవంబరు చివర్లో ఆర్డరు వచ్చింది. రెండు వందలు! నవతనూ శ్యామలమ్మనూ పిలిచి ఫోనులో చదివి వినిపించాను. కిందికి జరిపితే, 'జిల్లా కార్యాలయములలోని కంప్యూటర్ల రక్షణార్థము, ఆమోదిత నమూనా ప్రకారము, రెండు చేతి రంధ్రములతో సహా' అని ఉంది.

నవత ఆ వరుసను ఇంకోసారి చదివించుకుంది. తర్వాత, "కంప్యూటర్లకు చేతులెందుకన్న?" అంది.

"వద్దని రాస్తే మళ్ళ కమిటీ వేస్తరు తల్లీ."

శ్యామలమ్మ మాత్రం నా ఫోను వైపు వేలు చూపి, "ఏయే ఆఫీసులకు పోతయో సదువు కొడుకా" అంది. చదివాను. రెవెన్యూకు నలభై, వ్యవసాయానికి ముప్పై... పన్నెండో వరుసలో, ప్రసూతి ఆసుపత్రికి ఇరవై.

ఆ ఆసుపత్రిలో ఉన్న కంప్యూటర్ ఒక్కటే, అదీ పిల్లల వార్డులోనే. ఆ సంగతి నవతకూ తెలుసు, నాకూ తెలుసు, ఝాన్సీకి ఇంకా బాగా తెలుసు. మేము ఆ విషయం గురించి ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

నవత నిబంధనల ప్రకారం కొత్త బట్టతోనే రెండు వందలూ కుట్టింది. తంబాకు చాట ఇంట్లోంచి బయటికి వెళ్ళింది, నడక నేర్చిన దీక్షిత ఆ ఖాళీ జాగాలో తిరుగుతోంది. ఆసుపత్రి వాటా ఇరవైని మాత్రం శ్యామలమ్మ పక్కకు తీసింది. పది రోజులు నానబెట్టింది, ఉతికింది, ఎండబెట్టింది, మళ్ళీ నానబెట్టింది. కొత్త బట్టను పాతబట్ట చేసేదాకా వదల్లేదు. డిసెంబరు మొదటివారంలో ఝాన్సీ పంతొమ్మిదిని పంతొమ్మిది మంది పిల్లలకు తొడిగి, ఒకటి కంప్యూటర్‌కు తొడిగింది.

పది రోజులకు తనిఖీ అధికారి వచ్చాడు. వార్డులోకి వెళ్ళాలంటే బూట్లు విప్పాలి. అవి లేసుల బూట్లు కావడంతో ఆయన గుమ్మంలోనే నిలబడి వేలితో లెక్కపెట్టుకొని వెళ్ళిపోయాడు. నివేదిక ప్రతిని ఝాన్సీ నాకు చూపించింది. 'ఇరవై కంప్యూటర్లు గలవు. అన్నిటికీ కవర్లు తొడగబడి ఉన్నవి. కొన్ని శబ్దము చేయుచున్నవి. ఇంత విలువైన పరికరములున్న గదిలోనికి చలిగాలి, తేమ రాకూడదు కనుక కిటికీ అద్దము తక్షణమే వేయించవలెను.'

నాలుగో రోజున అద్దం వేశారు.

నిన్న ఝాన్సీ మళ్ళీ నా బల్ల దగ్గరికి వచ్చింది. కరెంటు పోయినప్పుడల్లా వార్డులో పిల్లలను వెచ్చగా ఉంచే యంత్రాలు ఆగిపోతున్నాయి, ఇన్వర్టర్ కావాలి, దరఖాస్తు రాయమంది. కొత్త కాగితం తీసి కలం మూత విప్పాను.

"పిల్లల కోసమని రాయనా తల్లీ?"

"వద్దు బాబాయ్ గారూ" అంది ఝాన్సీ. "మాకది ఈ చలికాలంలోనే కావాలి."