ఐదో వరుస కిటికీ సీటు

మనిషి ఈ లోకాన్ని విడిచి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గాని, నిరంతర గమన ట్రావెల్స్ వారి ముంబై బస్సులో ఐదో వరుస కిటికీ సీటును విడిచి వెళ్లడానికి మాత్రం తగిన కారణం చూపవలసి ఉంటుంది. ఈ నియమం సంస్థ యాప్‌లో అందరికీ కనిపించేటట్టే ఉంది. నర్మద దాన్ని చదివే ఉంటుంది. అయినా వేసవి సెలవులకు ముందు ఒక మంగళవారం పొద్దున, లక్డీకాపూల్ దగ్గర ఒక దవాఖానలో, టికెట్ రద్దు చేసుకోకుండానే ఆమె వెళ్లిపోయింది.

డాక్టర్లు కారణం రాసి ఇచ్చారు. అది సంస్థ వారి జాబితాలో లేదు.

జాబితాలో ఉన్నవి మూడు. ప్రణాళిక మారింది. పొరపాటున బుక్ చేశాను. ఇంకోచోట చవకగా దొరికింది. వీటి కింద ‘ఇతరములు’ అని ఒక గడి ఉంది (దాన్ని నొక్కితే, పై మూడింటిలో దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవలసిందిగా మర్యాదగా కోరుతుంది).

నర్మద భర్త విజయేందర్ అబిడ్స్‌లో ఒక పాత బడిలో తెలుగు చెబుతారు. దగ్గరగా ఉన్న జవాబు కూడా తప్పు జవాబేనని, తెలియకపోతే ఖాళీగా వదిలేయమని పిల్లలకు నేర్పిన మనిషి. రాని పిల్లవాడికి హాజరు వేయమని ఎవరి సిఫారసు తెచ్చినా వేయని మనిషి. ఆయన ఫోను ముందు పెట్టుకుని ఆ మూడు వాక్యాలనూ చాలాసేపు చూశారు. ప్రణాళిక మారలేదు, నర్మద గీసిన దారి వంటింట్లో క్యాలెండరు వెనక అలాగే ఉంది. పొరపాటున బుక్ చేసిందీ కాదు. మూడోదాని దగ్గర కాసేపు ఆగి, ఫోను బోర్లా పెట్టేశారు.

ఆ విధంగా టికెట్ ఇద్దరి పేర్ల మీదే ఉండిపోయింది.

ఈ దంపతులు ప్రతి వేసవిలోనూ దూరాలు తిరిగేవారు. ఒక బడిపంతులు, ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసే ఇల్లాలు. దానికి తగ్గట్టే తిరిగేవారు. నర్మదకు కొన్ని సూత్రాలుండేవి. రాత్రి బస్సులో నిద్రపోతే లాడ్జి కిరాయి మిగులుతుంది. పళ్లు తోముకోవడానికి ధాబా వాడి కుళాయి చాలు. వీపున మోయలేనిది వెంట తేవద్దు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం ఇద్దరూ చెరో బ్యాగు కొనుక్కున్నారు, కాలేజీ పిల్లలు వేసుకునేలాంటివి. ఆ బ్యాగులతోనే కన్యాకుమారి చూశారు, హంపి చూశారు. ఈసారి ముంబైలో దిగి, అక్కడి సర్కారు బస్సులు ఒకటొకటిగా మారుతూ కొంకణ తీరం వెంట వెళ్లాలని ఆమె దారి గీసింది. కొంత దూరం కిటికీ తనకు, అక్కడి నుంచి ఆయనకు అన్నది పాత ఒప్పందం; ఈసారి ఆ హద్దు జహీరాబాద్. ఆ ఒప్పందం ఏ ప్రయాణంలోనూ అమలు కాలేదు. ఆమె అద్దానికి తల ఆనించి నిద్రపోయేది, ఆయన లేపేవారు కాదు.

అందుచేత ఆయన కోరుకున్నది చాలా చిన్న విషయం. ఆమె గీసిన దారిలో ఈ ఒక్కసారి వెళ్లిరావాలి. పక్కన ఆమె సీటు ఖాళీగా ఉండాలి.

ఇంత చిన్న కోరికకు సంస్థలో ఏర్పాటు లేదని ప్రయాణం రోజున తెలిసింది.

ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎక్కవలసిన చోటు నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఉంది. తర్వాత అబిడ్స్ పోస్టాఫీసు దగ్గరికి మారింది. అందరూ సామాన్లు మోసుకుని అబిడ్స్ చేరాక తిరిగి నాంపల్లికి మారింది (ప్రయాణమంతా కూర్చునే ఉంటారు కనుక, ముందుగా కొంత నడక మంచిదని సంస్థ అభిప్రాయం కావచ్చు). బస్సు మీ సమీపంలోనే ఉందని యాప్ పొద్దున్నించి చెబుతోంది. దాని దృష్టిలో షోలాపూర్ కూడా సమీపమే.

నాంపల్లిలో సంస్థ కార్యాలయం రెండు మొబైల్ దుకాణాల మధ్య ఇరుక్కుని ఉంది. బయట ‘ఏసీ నిరీక్షణ మందిరం’ అని బోర్డు. లోపల ఏసీ ఉంది, నిరీక్షణా ఉంది; వాటిలో రెండోది పనిచేస్తోంది. గాజు తలుపు అవతల, ‘సీటు సమన్వయాధికారి’ అన్న పలక వెనక లక్ష్మణరావు గారు కూర్చుని ఉన్నారు.

ఆయన టికెట్ చూసి, విజయేందర్ సారు వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశారు. అక్కడ ఎవరూ లేరు.

“మేడం ఏది సార్? జహీరాబాద్ల ఎక్కుతరా?”

“ఎక్కదు. చనిపోయింది.”

లక్ష్మణరావు గారు లేచి నిలబడ్డారు. ఆ మనిషి చెడ్డవాడు కాదు. కాసేపు నిలబడే ఉండి, కూర్చుని, కంప్యూటర్ వైపు తిరిగారు.

“మరి క్యాన్సల్ కొట్టకపోయిన్రా సార్?”

“కారణం అడిగింది. అందులో మాది లేదు.”

“ఏదో ఒకటి కొట్టాలె సార్. అందరు ప్లాన్ మారిందనే కొడతరు.”

“మారలేదు.”

ఇలాంటి జవాబు లక్ష్మణరావు గారికి సర్వీసులో ఎప్పుడూ తగల్లేదు. గొంతు తగ్గించి, ఒక బంధువు చెప్పినట్టు చెప్పారు.

“చూడున్రి సార్. మనిషి రాకపోతే నో-షో అంటం. లేకపోయినా నో-షోనే అంటం. మా సిస్టంకు రెండు ఒకటే.”

“మంచిది. అయితే ఆ సీటు ఖాళీగానే ఉంటుంది కదా?”

“ఉంటది సార్. కని మీరు దాని పక్కన కూసునేటందుకు లేదు.”

ఇక్కడ నియమం వివరించవలసి ఉంది. ఆడవాళ్ల పేరు మీద ఉన్న సీటు తెరమీద గులాబీ రంగులో ఉంటుంది. గులాబీ సీటు పక్కన పురుషుడు కూర్చోవాలంటే, అదే టికెట్ మీది స్త్రీ ఆ గులాబీ సీటులో కూర్చుని ఉండాలి. ఆమె రాకపోయినా సీటు గులాబీగానే ఉంటుంది. అప్పుడు దాని పక్కనున్న పురుషుడి వల్ల, ఆ సీటులో లేని స్త్రీకి ఇబ్బంది కలిగే ప్రమాదం ఉందని నియమం భావిస్తుంది.

“రెండు సీట్లూ మావే,” అన్నారు సారు.

“మీవే సార్, ఎవలు గాదన్నరు? పక్కన కూసునే హక్కు మాత్రం మేడం తోటి వస్తది. మేడం లేకుంటే మీరు ఒంటరి పురుషుడు. ఒంటరి పురుషులకు ఎనక వరుస.”

నర్మద పోయాక చుట్టాలు, తోటి టీచర్లు, ఇంటి ఓనరు చాలా మాటలు అన్నారు. ఒంటరి పురుషుడు అన్న ఈ రెండు మాటలు ఎవరూ అనలేదు. సారు వాటిని మనసులో ఒకసారి చదువుకున్నారు. దిద్దడానికి ఏమీ కనబడలేదు.

అప్పుడే గాజు తలుపు తోసుకుని ఒక పెద్దామె లోపలికి వచ్చింది. సిరిసిల్ల దిక్కు మనిషి, పేరు యాదవ్వ. చేతిలో గుడ్డ సంచి, సంచిలోంచి పసిబిడ్డకు కుట్టిన బొంత అంచు కనిపిస్తోంది. ఆమె ఎక్కవలసిన బస్సును సంస్థ ఆ రోజే ఈ బస్సులో విలీనం చేసింది (బస్సులు విలీనమయ్యాయి, సీట్లకు ఆ సంగతి తెలియజేయలేదు).

“ఏందయ్యా, పొద్దటిసంది గీడనే కూసోవెట్టినవ్. భివండిల నా బిడ్డకు నొప్పులు షురువైనయంట. అల్లుడు మగ్గాల మీదికి పోతడు, పోరి కాడ ఎవ్వరు లేరు.”

“జర ఆగమ్మా, సమన్వయం జేస్తున్న.”

“గదేందో నాకెర్కలేదు. మా ఊరి బస్సుల ఆధార్ కార్డు జూపిస్తే ఊకెనే తీస్కపోతరు. గీడ పైసలు కట్టినా కుర్సీల కూసోవెట్టి నా మొకం జూస్తుండ్రు.”

లక్ష్మణరావు గారు యాదవ్వను చూశారు. సారును చూశారు. తెరమీది గులాబీ చతురస్రాన్ని చూశారు. సమన్వయాధికారి పదవికి అర్థం ఏమిటో ఆ క్షణంలో ఆయన ముఖం మీద కనిపించింది.

“సార్, మీకు పక్కన మేడం కావాలె. ఈమెకు సీటు కావాలె. ఈమె నర్మద మేడం లెక్క ఎక్కుతది. చార్ట్ల ఫ్యామిలీ అని ఉంది. ఎవ్వరికి తక్లీబ్ లేదు.”

“నాకు పక్కన ఖాళీ కావాలి,” అన్నారు సారు.

“ఖాళీ ఇచ్చే సౌకర్యం మా దగ్గర లేదు సార్.”

“ఈమెను ఈమె పేరు మీదే ఎక్కించండి. నేను వెనక వరుసలో కూర్చుంటాను.”

“చార్ట్ లాక్ అయింది. కొత్త పేరు ఎక్కది. ఉన్న పేరు మీదనే మనిషి ఎక్కాలె.”

శరీరాలు మారుతుంటాయి, లోపలున్నది మారదని పెద్దలు అంటారు. సంస్థ సిద్ధాంతం ఇంకొంచెం ముందుకు వెళ్లింది. దాని ప్రకారం పేరు శాశ్వతం. మనుషులు అందులో ఎక్కుతూ దిగుతూ ఉంటారు.

యాదవ్వ సారును ఎగాదిగా చూసింది.

“ఏం సారూ, నీ పక్కపొంటి కూసుంటే అరిగిపోతవా? నేను కదల, మెదల. సంచి గూడ ఒళ్లెనే పెట్టుకుంట.”

చివరికి బస్సు వచ్చింది. అటెండరు ఎల్లేష్ మెట్టు మీద నిలబడి, ఫోనులో చూస్తూ పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. పిలిచినవాళ్లు చేయి ఎత్తి ఎక్కుతున్నారు. సారుకు అది అలవాటైన పద్ధతే, పేరు పిలిపించుకునే వైపు నిలబడడం తప్ప.

“విజయేందర్.”

సారు చేయి ఎత్తారు.

“నర్మద.”

ఎవరూ పలకలేదు. యాదవ్వకు ఆ పేరు తనదని ఇంకా అలవాటు కాలేదు. సంచిని పొట్టకు అదుముకుని, ఎల్లేష్ నోటినుంచి యాదవ్వ అన్న మాట వస్తుందేమోనని చూస్తోంది.

“నర్మదమ్మ ఎవలు? ఉన్నరా, లేరా? లేకుంటే నో-షో కొడుతున్న.” వేలు తెర మీదికి వెళ్లింది.

“వచ్చింది,” అన్నారు విజయేందర్ సారు.

ఆయన సర్వీసులో తప్పు హాజరు వేయడం అదే మొదలు.

బ్యాగులో నర్మద ఫోను చిన్నగా మోగింది. దాన్ని ఆయన ఇంకా చార్జింగు పెడుతూనే ఉన్నారు. నర్మద గారూ, మీరు బస్సు ఎక్కినందుకు సంతోషం, అని సందేశం వచ్చింది.

యాదవ్వ కిటికీ సీటులో కూర్చుంది. నాంపల్లి స్టేషన్ కిటికీలోంచి వెనక్కి జరిగింది. లక్డీకాపూల్ రాగానే సారు తల తిప్పుకున్నారు. ఆ తర్వాత యాదవ్వకు మాట్లాడబుద్ధయింది.

“నర్మద ఎవలు సారూ? మీ ఇంటామెనా?”

“ఔ.”

“వస్తలేదా?”

“పోయింది. మొన్న సెలవుల ముందు.”

యాదవ్వ అయ్యో అనలేదు. కూర్చున్న సీటును చేత్తో తడిమింది, అది ఎవరిదో అప్పుడే తెలిసినట్టు. తర్వాత సంచితో సహా ఇవతలి అంచుకు జరిగింది. కిటికీ వైపు సగం సీటు ఖాళీ అయింది.

“నాకు గింత సాలు. గది ఆమెకుండనియ్యి.”

ఊరు దాటుతుండగా ఎల్లేష్ నీళ్ల సీసాలు పంచుతూ వచ్చి ఆగాడు.

“గట్ల అంచుకు కూసున్నవేందమ్మా? బ్రేకేస్తే పడతవ్. లోపటికి జరుగు.”

“లోపట జాగా లేదు బిడ్డా.”

“గంత జాగా ఉన్నది గదా. ఎవల కోసం ఇడిసినవ్?”

“నర్మదమ్మ కోసం.”

ఎల్లేష్ ఫోను చూశాడు. ఆమెను చూశాడు. “నర్మదమ్మ నువ్వే గదా.”

“ఔ,” అంది యాదవ్వ. “నేనే. అయితేంది? నా కోసం నేను జాగా ఇడుసుకున్న.”

నియమాల్లో దీనికి అభ్యంతరం దొరకనందువల్ల ఎల్లేష్ రెండు సీసాలు ఇచ్చి ముందుకు వెళ్లిపోయాడు. సారు ముఖంలో నవ్వు లాంటిది ఒకటి వచ్చింది. దాన్ని వెంటనే నవ్వు అని రాసుకోవడానికి ఆయన సిద్ధంగా లేరు.

జహీరాబాద్ వచ్చింది. ఒప్పందం ప్రకారం అక్కడ కిటికీ ఆయనది. ఆయన జరగలేదు. యాదవ్వ సంచి మీద తల పెట్టి, అంచు మీద అలాగే నిద్రపోయింది. కదల, మెదల అన్న మాట నిలబెట్టుకుంది.

పొద్దున భివండి దగ్గర హైవే మీద బస్సు ఆగింది. అప్పటికే యాదవ్వ ఫోనుకు కబురు వచ్చింది. ఆడపిల్ల, తల్లి బాగానే ఉంది. ఆమె సంచి భుజానికి వేసుకుని లేచింది.

“పోతున్న సారూ. ఇగ నువ్వు కిటికీ కాడికి జరుగు. ఎవ్వరు రారు.”

ఆమె దిగి, చెంగు నెత్తికి కప్పుకుని, ఒక ఆటో వైపు నడిచింది. బస్సు కదిలింది. పక్కన సీటు ఖాళీగా ఉంది. సంస్థ ఇవ్వలేనన్న సౌకర్యం ముంబై దాకా మిగిలిన కాస్త దూరానికి దొరికింది.

అప్పుడే రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి. సంస్థ ఎవరినీ మరిచిపోదు.

‘మీ సహప్రయాణికురాలు నర్మద గారు గమ్యం రాకముందే దిగిపోయారు. దయచేసి కారణం ఎంచుకోండి. ప్రణాళిక మారింది. పొరపాటున బుక్ చేశాను. ఇంకోచోట చవకగా దొరికింది.’

విజయేందర్ సారు కొంకణ తీరం చూసి వచ్చారు. వీపున ఒక బ్యాగు, ముందు వైపు ఒక బ్యాగు వేసుకుని, ఆమె గీసిన దారిలోనే బస్సులు మారారు. బడి తెరిచారు. నాంపల్లిలో ఇంటి నుంచి అబిడ్స్‌లో బడికి నడిచే వెళ్తున్నారు. రోజూ పొద్దున, హాజరు పిలిచే వేళకు, రెండు ఫోన్లకూ ఆ సందేశం వస్తుంది. కారణం ఎంచుకుంటే తప్ప ప్రయాణం ముగిసినట్టు నమోదు కాదని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

సారు ఇంకా ఏదీ ఎంచుకోలేదు.