మెడలో పడ్డ డిఎన్‌ఏ

సైన్సు బల్ల మీద, పక్కనే పేరు చీటీతో పెట్టిన వస్తువును తీసుకెళ్ళి ఒక పెద్దమనిషి మెడలో వేసే ముందు, ఆ బడిలో ఒక్కరైనా చీటీ ఎందుకు చదవలేదు? వాకాడులో దీనికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ ఉదయం రిటైరయిన తెలుగు టీచరు ఫ్లోరా గారు అనుకున్నది స్వల్పం: మనవరాలు నవోమి చేసిన డిఎన్‌ఏ నమూనాను బడిలో పెట్టించి, ఇంటికొచ్చి కాఫీ తాగడం. నవోమి బుట్టలల్లే ప్లాస్టిక్ వైర్లు రెండింటి నడుమ రంగు స్ట్రా ముక్కలు బిగించి, ఊలు పూలు అంటించి, పుస్తకంలో ఉన్నట్టే కుడివైపుకు మెలితిప్పింది. మెలి తప్పినప్పుడల్లా విప్పి మళ్ళీ తిప్పింది. నెల్లూరులో జరిగే సైన్సు ప్రదర్శనకు ఎంపిక కావాలన్నది ఆ పిల్ల కోరిక.

ముఖ్య అతిథి కారు దిగాడు. పూలదండ మాత్రం రాలేదు. "దండేదిరా?" అని ఎవరో అరిచారు. అటెండరు హజరత్తయ్య బల్ల మీద తళతళలాడుతున్నదాన్ని పట్టుకుని పరుగెత్తాడు.

"అది దండ కాదయ్యా, డిఎన్‌ఏ!" అన్నారు ఫ్లోరా గారు.

"ఏదైతే ఏందమ్మా, నిండుగా ఉండాది గదా!"

మైకు పట్టుకున్నాయనకు ఫ్లోరా గారి చివరి మాట ఒక్కటే వినబడింది. "డిఎన్‌ఏ సంఘం వారి ఘనసన్మానం!" అని ప్రకటించాడు. అతిథి పొంగిపోయి, సంఘానికి భవనం కట్టిస్తానని మాటిచ్చి, దండతో సెల్ఫీ దిగి, దండతోనే వెళ్ళిపోయాడు.

సైన్సు టీచరు భానుప్రియ బల్ల దగ్గర ఆగింది. "చీటీ ఉండాది, మోడలు లేదే?"

"అతిథి గారి మెడలో ఉంది," అన్నారు ఫ్లోరా గారు.

"మెడలో ఉండేదానికి మార్కులెట్టా ఎయ్యాల మేడం? ఫోటో ఉంటే చూపీండి."

బడి గ్రూపులోకి సెల్ఫీ అప్పటికే వచ్చింది. ఫ్లోరా గారు ఫోను ముందుపెట్టారు. భానుప్రియ రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసింది. "మెలి ఎడమకి తిరిగింది మేడం. డిఎన్‌ఏ కుడికి గదా తిరగాల? తప్పు."

"సెల్ఫీలో కుడి ఎడమవుతుందమ్మా! వెనక బ్యానరు చూడు, 'స్వాగతం' కూడా తిరగబడే ఉంది."

భానుప్రియ చూసింది. "అక్షరాలు తెలుగు మాస్టారు చూసుకుంటారు. నాది సైన్సు."

నెల్లూరికి ఎవరిదో అగ్నిపర్వతం ఎంపికైంది. అదీ పొగ రానిది. నవోమి ఫోను తీసుకెళ్ళి గోడ మీది అద్దం ముందు పట్టింది. "ఇట్టా చూడండి టీచర్, కుడికే తిరిగినాది!" భానుప్రియ అప్పటికే ఫలితాలు చదువుతోంది.

ఆ సెల్ఫీ ఈపాటికి మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. దండం బొమ్మ పెట్టి ఊరుకోకండి. అద్దం ముందు పట్టుకుని చూసి, మెలి ఎటు తిరిగిందో భానుప్రియ గారికి రాసి పంపండి.