ఎర్రనీళ్ల సీసాలు

ఆదివారం పొద్దున్నే పాత నీళ్ల సీసాలు కోసి, గోడకు కట్టి, వాటిలో పుదీనా, మెంతి పెట్టాలని శోభ అనుకుంది. పేపరుకు వార్తలు రాసే లక్ష్మణ్, ఎదురింటి పూర్ణిమ గోడమీది తోటను ఫొటో తీయడానికి ఆ మధ్యాహ్నమే శంషాబాద్ నుంచి సాతంరాయికి వస్తున్నాడు. అదే సందులో ఇంకో గోడ ఉంటే అదీ ఫొటోలో పడుతుంది. నిజానికి అదొక్కటే పడాలి.

పూర్ణిమ ఆ తోట కట్టినప్పటి నుంచి శోభకు సరిగా నిద్రే లేదు. సగానికి కోసిన సీసాలు, నాలుగు మూరల తాడు, ఇంత కొత్తిమీర. అంతేగా! చాయ్ తాగుతూ భర్త శివశంకర్, "పూర్ణిమ చెయ్యి వడితే గోడ గూడ చిగురు వెడ్తది" అన్నాడు. ఆ పూట అతనికి రెండో చాయ్ దొరకలేదు.

ఫంక్షన్ హాలు నుంచి తెచ్చిన బస్తాడు సీసాలు ముందేసుకుంది శోభ. మొక్కలకు బలమని బీట్‌రూట్ తొక్కలు నానబెట్టిన నీళ్లు నాలుగు సీసాల్లో నింపి, ఎండ తగలడానికి గేటుకు వేలాడదీసింది.

అటుగా వెళ్తున్న రాములమ్మ ఆగింది. "ఏందే శోభా, కుక్కలు గిట్ల వస్తున్నయా?"

ఎర్రనీళ్ల సీసా చూస్తే కుక్క ఆ గడప ఛాయలకు రాదని ఆ సందులో అందరి నమ్మకం. తోట కోసమని చెబితే మరుక్షణం పూర్ణిమకు తెలుస్తుంది.

"అవ్ పెద్దమ్మా, పొద్దుగాల ఒకటొచ్చింది. జర చూస్కొని పో" అంది శోభ.

రాములమ్మ నోట ఆ మాట సందు మలుపు తిరిగేసరికి ఆ కుక్కకు పిచ్చెక్కింది. కిరాణా కొట్టు చేరేసరికి ఇద్దరిని కరిచింది.

"శోభక్కా, మాకో రెండు సీసలియ్యి. పిల్లలున్న ఇల్లు!" అంటూ ఒక్కొక్కరే వచ్చారు. ఎందుకు దాచుకున్నావని అడుగుతారన్న భయంతో అందరికీ ఇచ్చింది. బస్తా ఖాళీ అయ్యాక పూర్ణిమ పరుగున వచ్చింది.

"అక్కా, ఒక్కటన్న లేదా?"

"ఉంటె నీకియ్యనా చెల్లె? నీ గోడకే గన్ని వేలాడుతున్నయ్ గద!"

పూర్ణిమ కొత్తిమీర పీకేసి, మట్టి దులిపి, ఆ సీసాల్లో కుంకుమ నీళ్లు పోసింది. అడుగున తానే చిల్లులు పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తెల్లటి గోడ నిండా ఎర్రటి ధారలు. కిటికీలోంచి చూసిన శోభకు కడుపు చల్లబడింది.

అంతలో, దారిలోనే కుక్క సంగతి విన్న లక్ష్మణ్ వచ్చాడు. ఆ గోడ చూసి బండి దిగలేదు. "అమ్మో, ఈడనే కరిచిందా? కుక్కను ముందుగాల చూసిందెవరు?"

వేళ్లన్నీ శోభ వైపు తిరిగాయి. "శోభక్క చెప్పకుంటే ఇయ్యాల మా గతేమయ్యేదో!"

"జర గేటు కాడ నిలబడక్కా. భయపడ్డట్టు మొఖం పెట్టు" అన్నాడు లక్ష్మణ్. అందుకు శోభ ప్రత్యేకంగా నటించాల్సిన అవసరం రాలేదు.

మర్నాడు పేపర్లో ఆమె ఫొటో పడింది. ఆ సంగతి విని పూర్ణిమ మూతి ముడుచుకుంది. "నేను గోడంత తోట కడితే రాలే. నీకు నాలుగు సీసలకే ఫొటోనా అక్కా?"

ఆ మాట వినడానికే పుట్టినట్టు శోభ నవ్వింది. కొట్టులో ఉన్న పేపర్లన్నీ తానే కొనేసి, ఒక్కటి చేతపట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చూపించింది. కానీ ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఫొటో కిందిమూల నుంచి బొటనవేలు తీయలేదు. అక్కడ, సరిగ్గా ఎర్రనీళ్ల సీసాల కింద, ఓ కుక్క కాళ్లు బారజాపి నిద్రపోతోంది.