చేపతో మొదలైన కుక్క

ఫోటోలకు ఫ్రేములు కట్టే ఆయన్ని వీధి వీధంతా ఫ్రేములాయన అనే పిలిచేది. ఎంత వంకర ఫోటోనైనా నాలుగు చెక్కల మధ్య తిన్నగా నిలబెట్టడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఆయన వేసే పథకాలు మాత్రం ఏ చట్రంలోనూ ఇమిడేవి కావు.

ఒకరోజు ఒకావిడ తన కుక్క ఫోటో తెచ్చి ఫ్రేము కట్టమంది. గుమ్మంలో కూర్చుని, యజమాని కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న కుక్క. ఆ చూపులోని గౌరవానికి ఫ్రేములాయన సుత్తి కింద పెట్టేశాడు. ఇంట్లో తనవైపు ఎవరైనా ఎప్పుడైనా అలా చూశారా అని జ్ఞాపకాలన్నీ గాలించాడు. ఒక్కసారి చూశారు. ఆ రోజు చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు.

ఇంటికి వెళ్లగానే భార్య దగ్గర మెల్లగా కదిపాడు.

"ఏమోయ్, మనింట్లో ఓ కుక్కపిల్ల ఉంటే ఎలా ఉంటుందంటావ్?"

"దానికి ఇబ్బందిగా ఉంటుంది."

ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనులో పనిచేస్తుంది. "నాకు భయమేం లేదండీ" అని వణికేవాళ్లను రోజూ చూసీ చూసీ, మనిషి నోరు తెరవకముందే లోపల ఏముందో కనిపెట్టేస్తుంది.

"నేను సీరియస్‌గా అడుగుతున్నా."

"నేనూ సీరియస్సే. ఈ ఇంట్లో నాలుగు కాళ్లున్నవి కుర్చీలూ బల్లలే. అంతే."

"మరి బల్లులో?"

"వాటిని నేను పిలవలేదు. అయినా పాపం, అవి గంటకోసారి కాఫీ అడగవు."

అక్కడితో ఆ చర్చకు తెర పడింది. పక్కగదిలో కూతురు పరీక్షకు గట్టిగా చదువుకుంటోంది.

"ట్యూనికేట్ అనే జీవి పిల్లగా ఉన్నప్పుడు తోక ఊపుకుంటూ ఈదుతుంది. పెద్దయ్యాక ఒక రాయి చూసుకుని అతుక్కుపోతుంది. తోక పోతుంది, దానికి దన్నుగా ఉండే పృష్ఠవంశం పోతుంది, ఉన్న కాస్త మెదడూ చాలావరకు పోతుంది. ఇక అక్కణ్ణుంచి కదలదు."

"పెళ్లయ్యాకా?" వంటింట్లోంచి ప్రశ్న వచ్చింది.

ఫ్రేములాయన సోఫాలో కొంచెం కదిలి కూర్చున్నాడు.

"అమ్మా, నవ్వించకు. అసలే ఎక్కట్లేదు. వెన్నెముక ఉన్నవాటిలో పెద్ద వర్గాలు ఐదట. చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు. ఎవరికి పొలుసులో, ఎవరికి మొప్పలో, అంతా కలగాపులగంగా ఉంది నాన్నా!"

ఫ్రేములాయన బుర్రలో దీపం వెలిగింది. మొదట చేప, చివర క్షీరదం. కుక్క క్షీరదమే కదా! చేపను ఒక్కదాన్ని గుమ్మం దాటిస్తే చాలు, కుక్క వరస ప్రకారం అదే వస్తుంది. ప్రకృతికి కోట్ల ఏళ్లు పట్టిన పని, తనకు ఓ నెల చాలు.

"పుస్తకం చదివితే ఏమొస్తుందమ్మా? కళ్లారా చూడాలి. నేను చూపిస్తా," అన్నాడు.

వంటింట్లో గరిటె చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

ఆయన బావమరిది పెంపుడు జంతువుల కొట్లో పనిచేస్తాడు. చిన్నప్పుడు అక్క ఎటు వెళితే అటు తిరిగేవాడని వాడికి తోక అని పేరు. మేనకోడలు కూడా తోకమామయ్యా అనే పిలుస్తుంది.

"ఒరే తోకా, సంగతి మీ అక్కకు మాత్రం తెలియకూడదు."

"గొంతు కోసినా చెప్పను బావా," అన్నాడు తోక.

మర్నాడు గాజు తొట్టెలో ఎర్రచేప వచ్చింది. కూతురు దాని మొప్పలు చూసి, బొమ్మ వేసి, మురిసిపోయింది. భార్య తొట్టె చుట్టూ ఓసారి తిరిగింది.

"బాగుంది. అరవదు, కరవదు, ఎదురు చెప్పదు," అంది.

అంత సులువుగా ఒప్పుకున్నందుకు ఫ్రేములాయన అనుమానపడి ఉండాల్సింది. మురిసిపోయాడు. కాస్త అనుమానించే గుణమే ఉంటే ఆయన జీవితం వేరేగా ఉండేది.

తర్వాత ఉభయచరం, అంటే కప్ప. దాన్ని మూత ఉన్న డబ్బాలో పెట్టమని తోక చెప్పాడు. మూత సరిగా పెట్టమని చెప్పలేదు. పొద్దున్నే కప్ప ఆవిడ భోజనం సంచీలో దూరి పళ్ల డాక్టరు దగ్గరికి డ్యూటీకి వెళ్లింది. ఆ సమయానికి ఓ పెద్దమనిషి కుర్చీలో పళ్లు బిగించుకుని, చచ్చినా నోరు తెరవనంటున్నాడు. కప్ప సంచీలోంచి ఎగిరి నేరుగా ఆయన ఒళ్లో వాలింది. ఆయన అరిచిన అరుపుకి, అరిగిన దవడ పన్నుతో సహా డాక్టరుకి అన్నీ కనపడ్డాయి.

"డాక్టరుగారు మీ కప్పకు థాంక్స్ చెప్పమన్నారు," అంది భార్య, ఇంటికొచ్చి సంచీ ఆయన చేతిలో పెడుతూ.

"నీకు కోపం రాలేదా?"

"పిల్ల చదువు కోసం కదండీ."

ఆ 'అండీ'లో ఏదో తేడా వినిపించింది. కానీ అప్పటికే ఆయన మనసు సరీసృపాల మీదికి వెళ్లిపోయింది.

సరీసృపం అంటే తాబేలు. రెండు రోజులు అది మంచం కింద సన్యాసిలా గడిపింది. మూడోనాడు ఫ్రేములాయన సోఫాలో పడుకుని, పేపరు చదువుతూ, పక్కన బోర్లించిన గిన్నె ఏదో ఉందనుకుని దానిమీద కాఫీ కప్పు పెట్టాడు. మళ్లీ చేయి చాపితే కప్పు లేదు. తల తిప్పి చూస్తే కప్పు తాపీగా వంటింటివైపు నడిచిపోతోంది.

"ఏమోయ్! కాఫీ నీ దగ్గరికే వస్తోంది!"

"ఇన్నాళ్లకి ఈ ఇంట్లో ఓ కప్పు తనంతట తాను వంటింట్లోకి వచ్చింది. దాన్ని మాత్రం వెనక్కి పంపకండి," అంది భార్య.

ఇక పక్షి. తోక ఒక మైనాను తెచ్చాడు. దాని పంజరాన్ని వరండాలో వేలాడదీశారు. ఫ్రేములాయన రోజూ బావమరిదితో రహస్యాలు మాట్లాడేది కూడా ఆ వరండాలోనే.

నాలుగు రోజులయ్యాక, అందరూ వరండాలో కూర్చుని ఉండగా మైనా గొంతు సవరించుకుంది. అచ్చం ఫ్రేములాయన గొంతుతో, గుసగుసగా మొదలుపెట్టింది.

"ఒరే తోకా! ఇంకొక్కటే! కుక్క! మీ అక్క పిచ్చిమాలోకం! కుక్క!"

కూతురు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. ఫ్రేములాయనకు తాబేలు మీద ఎక్కడలేని అసూయ కలిగింది. దానికి తల దాచుకోవడానికి చోటుంది.

"అది... కొట్లోనే నేర్చుకుని వచ్చినట్టుంది," అన్నాడు.

"కొట్లో అందరి అక్కలూ పిచ్చిమాలోకాలేనా?"

"అదేం లేదోయ్..."

"పోనీలెండి. నాలుగు వర్గాలు మీరు తెచ్చారు, క్షీరదాన్ని నేను తెస్తాను. ఈ పిచ్చిమాలోకానికి ఆ మాత్రం అవకాశం ఇవ్వండి," అంది నవ్వుతూ.

మర్నాడు ఫ్రేములాయన షాపు పెందలాడే కట్టేశాడు. కుక్కకు పేర్లు అనుకుంటూ, గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ బుట్టతో వచ్చింది. బుట్ట మూత తీసింది.

లోపల్నించి బూడిదరంగు పిల్లి తల బయటపెట్టి, ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, ఆవలించింది.

"పిల్లా!"

"క్షీరదమే. ఒంటి నిండా వెంట్రుకలు, పిల్లలకు పాలిస్తుంది. అనుమానముంటే అమ్మాయిని అడగండి."

"క్షీరదమే నాన్నా," అంది అమ్మాయి అన్యాయంగా.

పిల్లి ఆయనతో పెట్టుకోలేదు. తిన్నగా తొట్టె దగ్గరికి వెళ్లి ఎర్రచేపను చూసింది. తర్వాత మైనాను చూసింది. మైనా జీవితంలో మొదటిసారి నోరు మూసుకుంది.

"అయ్యో, వాటిని తినేస్తుందే!"

"అది ఆహారపు గొలుసండీ. అదీ పాఠమే. కళ్లారా చూడాలన్నారుగా?"

ఫ్రేములాయన ఒక్క గెంతులో తొట్టెకు అడ్డం నిలబడ్డాడు. చేపకు రోజూ మేత వేసిన చేయి ఆయనది. ఒక చేత్తో తొట్టె, ఇంకో చేత్తో పంజరం, చంకలో తాబేలు, జేబులో కప్ప డబ్బా పెట్టుకుని పరుగులాంటి నడకతో తోక కొట్టుకు చేరాడు.

తోక ఒక్కొక్కటే అందుకుని లోపల పెట్టాడు. వాటి చోట్లు ముందే ఖాళీ చేసి, తుడిచి ఉన్నాయి.

"నేనొస్తానని నీకెలా తెలుసురా?"

తోక నేలచూపులు చూశాడు. "అక్క ఆ పిల్లిని చేప కొన్న రోజే మాట్లాడిపెట్టుకుంది బావా. నువ్వు పక్షి దాకా వెళ్లాలి, అప్పటిదాకా కదిలించకు అంది. అక్కకి చిన్నప్పట్నుంచీ పిల్లులంటే ప్రాణం. నీకు గిట్టవని ఇన్నేళ్లూ ఊరుకుంది."

"గొంతు కోసినా చెప్పనన్నావు కదరా!"

"గొంతు కొయ్యలేదు బావా. ఊరికే అడిగింది, చెప్పేశా."

ఫ్రేములాయన ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డాడు. పిల్లి వచ్చి, అడగా పెట్టకుండా ఒళ్లోకెక్కి, చుట్ట చుట్టుకుని గుర్రుగుర్రుమంది. దాన్ని తోసేద్దామని చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎందుకో దాని వీపు మీద దిగింది. వెచ్చగా ఉంది. ఇంకోసారి నిమిరాడు.

మర్నాడు కూడా పిల్లి ఆయన ఒళ్లోనే నిద్రపోతుంటే, పరీక్ష రాసొచ్చిన కూతురు చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"నాన్నా, అన్నీ వచ్చినవే! కప్ప గురించి రెండు పేజీలు రాశా. ఇక వచ్చేవారం పరీక్ష వెన్నెముక లేని జీవుల మీద. వాటికేం తెస్తావు?"

"ఏమీ తేనక్కర్లేదమ్మా, మీ నాన్న ఉన్నారుగా," అంది భార్య. "ఎదురుగా కూర్చుని బొమ్మ వేసుకో."

ఇంత మాట పడ్డాక ఏ మగాడూ ఊరుకోడు. ఫ్రేములాయన దిగ్గున లేచి నిలబడి ఏదో ఒకటి తేల్చేద్దామనుకున్నాడు. కానీ లేస్తే పిల్లికి మెలకువ వస్తుంది.

"కాస్త మెల్లగా మాట్లాడండర్రా," అన్నాడు.